వాచీ బెల్టు చెడేది లోపలి నుంచే

సంపాదకులకు నమస్కారం.

పెళ్లిళ్ల సీజన్ వస్తే నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లోనైనా, పాలమూరు క్లాక్ టవర్ చుట్టుపక్కలైనా వాచీ దుకాణాలు కిటకిటలాడుతాయి. పెళ్లికొడుక్కి పెట్టే వాచీకి వేలు పోస్తున్నారు, ఉన్నవాళ్లు లక్ష దాకా పోతున్నారు. వాచీ ఏళ్లకేళ్లు తిరుగుతుంది. దాని తోలు బెల్టు మాత్రం రెండో ఎండాకాలం దాటడం లేదు. ముందు వాసన పట్టుకుంటుంది, తర్వాత లోపలి పొర లేస్తుంది, చివరికి వాచీకి బిగించే పిన్ను దగ్గర తెగుతుంది. అడిగితే ‘మీకు చెమట ఎక్కువ సార్’ అంటారు. మే నెలలో 45 డిగ్రీలు చూసే జిల్లాల్లో చెమట పట్టనిదెవరికి? ఆ చెమటను లెక్కలో పెట్టుకోకుండా చేసిన బెల్టును ఇక్కడ అమ్మడంలోనే తప్పుంది. కొనేవాళ్లు పైతోలు నిగనిగ చూసి డబ్బు కడుతున్నారు, బెల్టేమో లోపలి నుంచి చెడుతోంది. తోలు వస్తువులు కుట్టే పనివాళ్లుగా మాకు తెలిసింది కాస్త వివరంగా రాస్తున్నాం. మీ పాఠకులకు పనికొస్తుందనుకుంటే ప్రచురించగలరు.

ముందు ‘జెన్యూన్ లెదర్’ ముద్ర సంగతి. అది అబద్ధమని అనలేం గానీ, దాన్ని చూసి తెలుసుకోగలిగేది దాదాపు ఏమీ లేదు. తోలును అడ్డంగా కోసి చూస్తే పైన వెంట్రుకల రంధ్రాలున్న బిగుతైన పొర, దాని కింద పీచు అల్లుకున్న మందపాటి పొర కనిపిస్తాయి. పైపొరను ఉన్నదున్నట్టు ఉంచితే ఫుల్ గ్రెయిన్ తోలు. గీతలు, మచ్చలు కనపడకుండా దాన్ని గరుకు కాగితంతో అరగదీసి, రంగు పూసి, యంత్రంతో కొత్తగా రంధ్రాల నమూనా అచ్చేస్తే కరెక్టెడ్ గ్రెయిన్. పైపొర చీల్చి తీసేశాక మిగిలిన కిందిపొరకు ప్లాస్టిక్ పూత వేస్తే స్ప్లిట్. తుక్కు తోలును పొడి చేసి జిగురుతో రేకులా ఒత్తితే బాండెడ్. వీటిలో స్ప్లిట్ మీద కూడా ‘జెన్యూన్ లెదర్’ అని దర్జాగా ముద్ర వేస్తారు, అదీ తోలే కదా! చేతికి రోజంతా వంగే వస్తువుకు మాత్రం అది పనికిరాదు. వంగినచోట పూత పగులుతుంది, పగులులోంచి చెమట దిగుతుంది, వదులు పీచు ఉబ్బి మెత్తబడిపోతుంది.

దుకాణంలో నిలబడి ఈ తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. బెల్టును పైవైపు లోపలికొచ్చేలా వంచండి. మంచి తోలు మీద సన్నని ముడతలు వచ్చి, వదలగానే సర్దుకుంటాయి. పెద్ద పెద్ద మడతలుగా, పైపొర కిందిదాన్ని వదిలి జారినట్టు కనిపిస్తే అది పొట్ట భాగపు తోలు, లేదా పైపొర వదులైనది. రంధ్రాల వరుసను భూతద్దంతో చూడండి. వాచీ దుకాణంలో భూతద్దం ఎలాగూ ఉంటుంది, అడిగితే ఇస్తారు. సహజమైన రంధ్రాలు ఒకచోట గుంపుగా, ఒకచోట పలుచగా ఉంటాయి. ప్రతి సెంటీమీటరుకూ ఒకే నమూనా తిరిగొస్తుంటే అది అచ్చు. తర్వాత పిన్ను దూర్చే మడత దగ్గర, బకిల్ నాలుక కోసం కోసిన సందులో చూడండి. తోలైతే పీచు కనపడుతుంది, బోర్డు కాగితమో స్పాంజో ఉంటే అదీ అక్కడే బయటపడుతుంది. నిప్పుతో కాల్చి చూసే అలవాటు కొందరికుంది. కాలిన వెంట్రుక వాసన వస్తే అసలు తోలు అని తేల్చేస్తారు. కానీ ప్లాస్టిక్ పూసిన స్ప్లిట్ కూడా అదే వాసన వేస్తుంది. ఆ పరీక్షతో రెగ్జిన్ ఏదో తెలుస్తుంది, మంచి తోలేదో తెలియదు.

ఇక ఏ పశువు తోలు? వాచీ బెల్టుకు లేగదూడ తోలు, మేక తోలు మేలు. రెండూ పుట్టుకతోనే పలుచన, పీచు బిగుతు. గేదె తోలు గట్టిదే కదా అని అడుగుతారు. మందంగా ఉన్నప్పుడు నిజమే. నాలుగైదు మిల్లీమీటర్ల గేదె తోలును చీల్చి 1 మిల్లీమీటరుకు తెస్తే, మందం ఎంత తగ్గిందో బలం అంతకంటే ఎక్కువ తగ్గుతుంది, ఎందుకంటే బలాన్నిచ్చే అల్లిక కిందిపొరలోనే పోయింది. అదే 1 మిల్లీమీటరు మందంతోనే ఉన్న మేక తోలులో అల్లిక మొత్తం అలాగే ఉంటుంది. కాబట్టి నడుం బెల్టుకు గేదె, చేతి బెల్టుకు మేక.

గొర్రె సంగతి వేరే చెప్పాలి. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువున్న రాష్ట్రం మనదే, పాలమూరు పల్లెల్లో మందలకు కొదవ లేదు. గొర్రె తోలు చేతికి వెన్నలా తగులుతుంది, ధరా తక్కువ. కానీ గొర్రె చర్మంలో పైపొరకూ కిందిపొరకూ మధ్య కొవ్వు ఎక్కువ. పదును చేసేటప్పుడు, అంటే పచ్చి చర్మాన్ని కుళ్లని తోలుగా మార్చేటప్పుడు, ఆ కొవ్వు పోయి అక్కడ ఖాళీ మిగులుతుంది, వాడగా వాడగా రెండు పొరలూ విడిపోతాయి. చేతి తొడుగులకు, జాకెట్లకు అది వాడుకోవచ్చు. వాచీ బరువును పిన్ను మీద మోయాల్సిన బెల్టుకు వద్దు.

కోత దిక్కు కూడా చూడాలి, ఇది కుట్టించుకునేవాళ్లకు. వెన్నెముక పొడవునా తోలు తక్కువ సాగుతుంది, అడ్డంగా ఎక్కువ. బెల్టు పొడవు వెన్నెముక వెంబడే ఉండేలా కోయాలి. తోలు మిగుల్చుకుందామని అడ్డంగా కోస్తే ఆర్నెల్లలో రంధ్రాలు కోడిగుడ్డు ఆకారానికి సాగుతాయి. రెండు ముక్కలూ వెన్ను భాగం నుంచే, పక్కపక్కనే తీయాలి. లేదంటే ఒకటి నల్లబడుతుంది, ఇంకొకటి అలాగే ఉంటుంది. మడత అంచులతో కలిపి ఒక బెల్టు పైతోలుకు సుమారు 30 మిల్లీమీటర్ల వెడల్పు, రెండు ముక్కలకూ కలిపి 260 మిల్లీమీటర్ల పొడవు కావాలి. ఆ లెక్కన చదరపు అడుగుకు 11 రావాలి. ముళ్లకంపల గీతలు, పిడుదు మచ్చలు, వాతలు, కోతకత్తి గాట్లు పక్కన పెడితే ఏడెనిమిది మించవు. మేక తోలు ఒకటి 4 నుంచి 5 చదరపు అడుగులుంటుంది. ధర అడిగినప్పుడు ఈ లెక్క మనసులో పెట్టుకుంటే కుట్టేవాడితో బేరం పద్ధతిగా సాగుతుంది.

పదును రెండు రకాలు. ఒకటి చెట్టు చెక్కతో, అంటే బెరడుతో చేసేది. మన దగ్గర లందల్లో (తోళ్లు నానబెట్టే తొట్లలో) తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ వేసి వారాల తరబడి నానబెట్టే పద్ధతి అదే. బావుల కాడ మోటబొక్కెనకు కట్టిన తోలు తొండాలు అలా చేసినవే. తంగేడు పువ్వును రాష్ట్ర పుష్పం చేసుకున్నాం గానీ ఆ చెట్టు చెక్క దక్షిణాది తోలు వ్యాపారాన్ని ఎంతకాలం మోసిందో పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. రెండోది క్రోమియం లవణంతో చేసేది. ప్రపంచంలో ఇప్పుడు తయారయ్యే తోలులో ఎక్కువ భాగం ఇదే. ఒకటి రెండు రోజుల్లో పదునవుతుంది, మెత్తగా ఉంటుంది, తడిసినా తొందరగా ఆరుతుంది. మరిగే నీటి వేడిని తట్టుకుంటుంది. చెక్క పదును తోలు 75–85 డిగ్రీల దగ్గరే ముడుచుకోవడం మొదలెడుతుంది. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద తడి బెల్టు పెట్టి మరిచిపోతే అట్టముక్కలా బిగుసుకునేది ఈ రకమే.

చెక్క పదును తోలే అసలు తోలని, క్రోమ్ అంటే మందుల తోలని ఈమధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. ఒప్పుకోం. పైన చూపుకు చెక్క పదును తోలు అందమే. వాడేకొద్దీ రంగు తేలుతుంది, అంచును రుద్దితే నున్నగా మెరుస్తుంది. కానీ ఒంటికి తగిలేవైపు అదే పెడితే చెమటలోని ఉప్పు లోపలికి దిగి నూనెను లాగేస్తుంది. నల్లబడి, గట్టిపడి, రంధ్రాల వరుసలో పగుళ్లిస్తుంది. అందుకే పైన చెక్క పదును దూడ తోలు, లోపల క్రోమ్ మేక తోలు అనే జోడీ మన ఎండలకు సరిపోతుందని మా అనుభవం. క్రోమియం పడనివాళ్లు కొందరుంటారు. బెల్టు తగిలినంతమేరా దద్దు, దురద వస్తుంది. నాసిరకం పదునులో, వేడికి, క్షారానికి మామూలు క్రోమియం క్రోమియం-6 అనే రూపంలోకి మారుతుంది, తోలు దద్దుకు పెద్ద కారణం అదే. ఐరోపా దేశాల్లో 2015 నుంచి ఒంటికి తగిలే తోలులో అది కిలోకు 3 మిల్లీగ్రాములకు మించితే అమ్మకూడదు. క్రోమియం పడని ఒళ్లున్నవారు ఒంటికి తగిలే లోపలిపొర, అంటే లైనింగ్, చెక్క పదునుదే వేయించుకుని, అది ముందుగా పాడవుతుందని తెలిసి వాడుకోవాలి. దురద బకిల్ కింద మాత్రమే ఉంటే తోలును తిట్టకండి. అది నికెల్ పూత పని. 316ఎల్ స్టీలు బకిల్ వేయిస్తే చాలామందికి తగ్గుతుంది.

ఇప్పుడు లైనింగ్. మొత్తం బెల్టులో జాగ్రత్తగా చూడాల్సింది ఇదొక్కటే అన్నా ఫర్వాలేదు. ఖరీదైన బెల్టంటూ అమ్మేవాటిలో కూడా పైన మంచి దూడ తోలు పెట్టి లోపల ప్లాస్టిక్ పూత గుడ్డ అతికిస్తున్నారు. కొత్తలో మెత్తగా ఉంటుంది, తుడిస్తే శుభ్రం అవుతుంది. కానీ చెమటకు దారి ఉండదు. ఒంటికీ పూతకూ మధ్య నిలిచి, కుట్టు రంధ్రాల్లోంచి లోపలికి పోతుంది. అక్కడ ఏముంటుందో చూడండి: రెండు పొరల మధ్య ఉబ్బెత్తు కోసం పెట్టిన బోర్డు కాగితం, లేదా స్పాంజు. అది చెమట పీల్చి ఉబ్బుతుంది, ఆరదు, సూక్ష్మజీవులు చేరి వాసన మొదలవుతుంది. ఎన్నిసార్లు పైన తుడిచినా పోని వాసన అదే, లోపలి బోర్డుది. ఆ తర్వాత జిగురు వదులుతుంది. మణికట్టు ఎముక దగ్గర, అంటే బెల్టు ఎక్కువగా వంగేచోట, పూత పొక్కులుగా లేస్తుంది.

మంచి లైనింగ్ 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్ల మందపు మేక తోలు, పూత లేనిది, లేత రంగుది. ముదురు రంగు లైనింగ్ మొదటి చెమటకే తెల్ల చొక్కా కఫ్‌ను పాడు చేస్తుంది. ఒక తడి తెల్ల గుడ్డతో లైనింగ్ మీద పదిసార్లు గట్టిగా రుద్ది చూడండి, రంగు అంటితే వెనక్కిచ్చేయండి. నీళ్ల చుక్క పరీక్ష కూడా లైనింగ్ మీదే చేయాలి. పూత లేని తోలు మీద చుక్క నెమ్మదిగా ఇంకి ఆ చోటు ముదురుతుంది, అరగంటలో ఆరిపోతుంది. చుక్క గాజు మీద ఉన్నట్టు గుండ్రంగా నిలబడిపోతే అది చాలావరకు ప్లాస్టిక్ పూతే. నీరు పట్టకుండా నూనె పదును చేసిన లైనింగులూ ఉన్నాయి, వాటి మీదా చుక్క నిలుస్తుంది. కానీ వేలితో రాస్తే వాటికి పీచు తగులుతుంది, ప్లాస్టిక్‌కు తగలదు. లోపల ఉబ్బెత్తు కావాలంటే తోలు ముక్కే పెట్టాలి, అంచుల వైపు పలుచగా గీరి.

మందాల లెక్క ఇలా ఉండాలి. పైతోలు 0.8 నుంచి 1 మిల్లీమీటరు, లైనింగ్ 0.7, మధ్య పూరకం కలిపితే పిన్ను వైపు 3.5 నుంచి 4 మిల్లీమీటర్లు, కొసన 2. పలుచని డ్రెస్ వాచీకి పూరకం అక్కర్లేదు. అంచు మడిచి కుట్టే రకమైతే పైతోలును అంచున 0.3–0.4కు గీరాలి. తోలు గీరే రంపె కత్తికి పదును లేకపోతే ఇక్కడే తోలు తెగిపోతుంది. కోసిన అంచుకు రంగు పూసే రకంలో పలుచటి పూతలు మూడు నుంచి ఐదు, ఒక్కో పూత మధ్య సన్న గరుకు కాగితం. ఒకేసారి దట్టంగా పూస్తే మన ఎండకు వంగినచోట చిట్లి, ఒలిచిన దారంలా లేచి వస్తుంది.

ఎక్కువ బెల్టులు తెగేది పిన్ను మడత దగ్గర. పిన్ను సాధారణంగా 1.5 మిల్లీమీటర్ల లావు, బరువైన వాచీలకు 1.8. తోలును అక్కడ 0.5–0.6కు గీరి, పిన్ను చుట్టూ తిప్పి, లోపలికి కనీసం 10–12 మిల్లీమీటర్లు పోయేలా అతికించాలి. చాలా బెల్టుల్లో ఐదారు మిల్లీమీటర్లే ఉంటుంది, అంటే వాచీ మొత్తం జిగురు మీద వేలాడుతోందన్నమాట. మడత మరీ బిగుతైతే పిన్ను లోపలికి నొక్కుకోదు, బలవంతంగా దూర్చితే వాచీ కేసు గీరుకుపోతుంది. రబ్బరు సొల్యూషన్ మన ఎండకు మెత్తబడి జారుతుంది కాబట్టి నియోప్రీన్ జిగురు వాడాలి. రెండువైపులా పూసి పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి, వేలికి అంటనప్పుడు కలిపి సుత్తితో ఒత్తాలి. తడిగా ఉండగానే కలిపితే లోపల ఆవిరి చిక్కుకుని తర్వాత బుడగలై లేస్తుంది.

కుట్టు దారం నూలుదైతే చెమటకు కుళ్లుతుంది. మైనం పట్టించిన పాలిస్టర్ 0.5–0.6 మిల్లీమీటర్లది వాడాలి. కుట్టుకు కుట్టుకు 3 మిల్లీమీటర్లు, అంచు నుంచి 2.5. దగ్గరదగ్గరగా కుడితే గట్టిగా ఉంటుందన్నది అపోహ. 2 మిల్లీమీటర్లకు దిగితే ఆరె (తోలుకు రంధ్రం పొడిచే పనిముట్టు) రంధ్రాల వరుస తపాలా బిళ్ల అంచులా తయారై అక్కడే చిరుగుతుంది. యంత్రపు కుట్టులో ఒక దారం తెగితే వరుస ఊడటం మొదలవుతుంది. రెండు సూదులతో చేతికుట్టు వేస్తే ఒకటి తెగినా రెండోది పట్టి ఉంచుతుంది. అందుకే చేతికుట్టుకు ఎక్కువ అడుగుతారు, ఇవ్వడం న్యాయం.

కొలత మిల్లీమీటర్లలోనే తీయండి. వాచీ కేసుకు రెండు వైపులా కొమ్ముల్లా వచ్చే లగ్గుల మధ్య దూరమే బెల్టు వెడల్పు. పాత హెచ్ఎంటీల్లో చాలావాటికి 18, ఇప్పటి వాటిలో 20, 22 ఎక్కువ. 19 ఉన్నదానికి 20 దూర్చితే పడుతుంది గానీ అంచులు నలిగి అక్కడే పగుళ్లు మొదలవుతాయి. మణికట్టు చుట్టుకొలత 16.5 నుంచి 18.5 సెంటీమీటర్లుంటే రంధ్రాల వైపు ముక్క 115, బకిల్ వైపు 75 మిల్లీమీటర్లు సరిపోతుంది.

మొసలి తోలు అడిగేవాళ్లు ఇప్పుడు మన జిల్లాల్లోనూ తయారయ్యారు. చౌకగా దొరికే ‘క్రొకడైల్’ బెల్టు దూడ తోలు మీద అచ్చు. గడులన్నీ ఒకే కొలతలో, గడి మధ్య గీత ఒకే లోతులో ఉంటాయి. అసలుదానిలో రెండు గడులు ఒకలా ఉండవు. విదేశీ కంపెనీలు వాడేది ఎక్కువగా అమెరికా అలిగేటర్, దానికి సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) పత్రాలుంటాయి. ఆ కాగితం చూపించలేని మొసలి బెల్టును ముట్టుకోవద్దు. మన కృష్ణలో, జూరాల దగ్గర కనపడే మొసలి వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఉడుము, కొండచిలువ కూడా అందులోనే. వాటి తోలుతో పట్టుబడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. ఇక కార్డవాన్ అనే గుర్రం పిరుదు తోలుకు పేరెక్కువ. పదును చేయడానికి ఆరు నెలలు పడుతుంది, ముడత పడకుండా అలల్లా వంగుతుంది, నిజంగా గొప్ప సరుకు. కానీ వాన చినుకు పడితే బొబ్బల్లా లేస్తుంది. మన వానల్లో బండి నడిపేవారికి దాని జోలి అనవసరం.

మిగతా తోలు వస్తువుల గురించీ ఒక మాట. పర్సుకు పైన 0.8–1 మిల్లీమీటరు మేక తోలు, లోపలి అరలకు 0.5. నడుం బెల్టుకు 3.5 మిల్లీమీటర్ల ఒకే పలక గేదె తోలు. రెండు పలుచని పొరలు అతికించి కుట్టిన నడుం బెల్టు కొనకండి. వాచీ పెట్టుకునే తోలు సంచికి లోపల రంగు దిగని స్వేడ్ (నూగు తేల్చిన తోలు) ఉందో లేదో తడిగుడ్డతోనే చూడండి.

తెచ్చుకున్నాక చేయాల్సింది తక్కువే. రాత్రి తీసి పొడి నూలు గుడ్డతో లోపలివైపు తుడిచి, నీడలో గాలికి పెట్టాలి. వీలైతే రెండు బెల్టులు మార్చి మార్చి వాడాలి, ఒక రోజు విశ్రాంతిస్తే లోపలి తేమ ఆరుతుంది. కొబ్బరినూనె రాయొద్దు. పీచు మెత్తబడుతుంది, జిగురు వదులుతుంది, నెలలో ముక్కవాసన వేస్తుంది. క్రీము రాస్తే పైతోలుకే, లైనింగ్‌కు కాదు. శానిటైజర్ పైరంగును లేపేస్తుంది. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ తోలుకు చిక్కు తెచ్చేది బోరునీళ్లలోని ఇనుము. చెక్క పదును తోలు మీద ఆ చుక్క పడితే చెక్క రసమూ ఇనుమూ కలిసి సిరాలా నల్లమచ్చ పడుతుంది. పాతబడకముందే నిమ్మరసం పలుచగా అద్ది, వెంటనే ఫిల్టరు నీటి గుడ్డతో తుడిస్తే చాలావరకు పోతుంది.

దుకాణదారులకు, తయారీదారులకు మీ పత్రిక ద్వారా మా విన్నపం ఒక్కటే. బెల్టు చీటీ మీద ‘జెన్యూన్ లెదర్’ బదులు ఏ పశువు తోలు, ఏ పొర, ఏ పదును, లైనింగ్ దేనితో, పూరకం దేనితో అన్న ఐదు విషయాలు తెలుగులో రాయండి. కొనేవారు ఈ ఐదూ బిల్లు మీద రాయించుకోవాలి. రాసింది ఒకటి, లోపల ఉన్నది ఇంకొకటి అయితే ఆ బిల్లే ఆధారం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. హైదరాబాద్‌లోని పాదరక్షల డిజైన్ సంస్థ ఎఫ్‌డీడీఐ, చెన్నైలో 1948 నుంచి ఉన్న కేంద్ర తోలు పరిశోధన సంస్థ లాంటివి నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో నాలుగు రోజుల శిక్షణ పెట్టి, తోలును 0.1 మిల్లీమీటరు తేడాతో చీల్చే, గీరే యంత్రాలు ఒక్కో జిల్లాకు ఒకచోటైనా అందుబాటులో ఉంచితే బాగుంటుంది. చెప్పులు కుట్టే చేతులకు ఈ కుట్టు కొత్తేమీ కాదు. చేత్తో 0.5కు సమంగా గీరడమే సాధ్యం కాక ఈ పని బయటి ఊళ్లకు పోతోంది.

ఇట్లు,
తోలు వస్తువుల పనివారు,
నల్లగొండ